ఓడిన పిదప తెరచు పుస్తకము

వీడియో ఆటలు ఆడువారు వాని వెంట వచ్చు సూచనల పుస్తకములను చదువుదురా, చదువరా? నలుగురు పెద్దలు కూడిన చోట ఈ ప్రశ్న వేసినచో సమాధానమునకై ఎక్కువసేపు వేచియుండ నక్కరలేదు. "ఈ కాలపు పిల్లలా! పాఠ్యపుస్తకమే చదువరు, ఆటపుస్తకము చదువుదురా?" అని వెంటనే వినబడును. పిల్లల నడిగినచో వారును అదే మాటను మరియొక విధముగ చెప్పుదురు: "చదువుట యెందుకు? ఆడిన తెలియును గదా!" ఇరుపక్షములవారును ఒకే తీర్పు చెప్పినప్పుడు ఆ తీర్పు నిజమని నమ్ముట సులభము. కాని అందు సగము మాత్రమే నిజమని నాకు తోచుచున్నది. తక్కిన సగమును గూర్చి ఇచ్చట కొంత విచారింపదలచితిని.

నేటి బాలబాలికలలో పెక్కుమంది అట్టి పుస్తకమును కన్నులార చూచియుండకపోవచ్చును. కావున ముందుగ దానిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1970వ దశకము మొదలు సుమారు 2010వ సంవత్సరము వరకు, ఇండ్లలో ఆడుకొను వీడియో ఆటలు పెట్టెలలో ఉంచి అంగళ్ళలో అమ్మెడివారు. పెట్టెలో ఆటను నింపిన కార్ట్రిడ్జియో, డిస్కో ఉండును. దాని ప్రక్కన అరచేతి వెడల్పున ఒక చిన్న పుస్తకము ఉండును. ఏ మీట నొక్కిన ఏమి జరుగునో, కథానాయకుడు ఎవ్వడో, అతని శత్రువులు ఎట్టివారో, దారిలో దొరకు వస్తువులు ఏ పనికి వచ్చునో అందు బొమ్మలతో సహా వ్రాయబడియుండును. కొన్నిటి చివర ఆడువాడు తన గుర్తులు వ్రాసికొనుటకు ఖాళీ పుటలు సైతము విడిచెడివారు.

పెట్టె ఇల్లు చేరిన దినమున జరుగు తంతు ఏ యింటనైనను ఇంచుమించు ఒక్కటే. పిల్లవాడు పెట్టె విప్పును; డిస్కును తీసి యంత్రమున పెట్టును; పుస్తకము జారి నేలపై పడును. తండ్రి దానిని చేత బట్టి "ముందు ఇది చదువరా" అనును. "తరువాత చదివెద, నాన్నా" అని పిల్లవాడు తల త్రిప్పకయే బదులు చెప్పును. ఆ 'తరువాత' అను మాటకు 'ఎన్నడును లేదు' అని పెద్దలు అర్థము చెప్పుకొందురు. నా వాదమంతయు ఆ ఒక్క మాటపై ఆధారపడియున్నది. ఆ పిల్లవాడు అబద్ధమాడలేదని నా నమ్మకము.

తొలి దినములలో ఈ ఆటలు ఇండ్లలో లేవు. నాణెము వేసి ఆడు పెద్ద యంత్రములను పానశాలలలోను, వినోదశాలలలోను నిలిపెడివారు. 1971లో అమెరికా దేశమున నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అను ఇద్దరు 'కంప్యూటర్ స్పేస్' అను యంత్రమును రూపొందించిరి. ఆకాశనౌకను ఇటునటు త్రిప్పుటకు మీటలు, ముందునకు నెట్టుటకు ఒకటి, గుండు ప్రేల్చుటకు మరియొకటి. ఆపైన, ఒకసారి కదలిన నౌక ఆగక అట్లే సాగిపోవు అంతరిక్ష ధర్మము. ఇదంతయు యంత్రముపై చదివి గ్రహించిన పిదపనే ఆట సాగును. దినమంతయు శ్రమపడి సాయంకాలము విశ్రాంతికి వచ్చినవానికి అంత ఓపిక యెక్కడిది? ఆ యంత్రము ఆశించినంతగ అమ్ముడుపోలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1972లో, అదే ఇద్దరు నెలకొల్పిన అటారీ సంస్థలో ఆలన్ ఆల్కార్న్ అను యువ ఇంజనీరు 'పాంగ్' అను ఆటను తయారుచేసెను. తెరపై రెండు గీతలు, ఒక చుక్క. గీతతో చుక్కను కొట్టవలెను, అంతే. బంతిని జారవిడువకున్న పాయింట్లు పెరుగునను అర్థముగల ఒక చిన్న వాక్యము తప్ప ఆడు పద్ధతిని గూర్చి చెప్పవలసినది లేకుండెను. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ఒక పానశాలలో దానిని పరీక్షార్థము నిలిపిరి. కొలది దినములకే యంత్రము పనిచేయుట లేదని కబురు వచ్చెను. ఆల్కార్న్ పోయి తెరచి చూడగా యంత్రమునకు రోగమేమియు లేదు. నాణెముల డబ్బా నిండి పొర్లి, క్రొత్త నాణెమునకు చోటు లేకుండెను!

చదివి నేర్వవలసిన ఆట ఓడెను, చదువకయే నేర్వదగిన ఆట గెలిచెను. ఈ పాఠమును ఆటల తయారీదారులు మరువలేదు. దీనినిబట్టి ఆడువారికి చదువన్న పడదని తీర్మానించుట మాత్రము తొందరపాటగును. మన ఊళ్ళలోని ఆటలను తలచుకొనుడు. పులిజూదమునకు సూచనల పుస్తకము లేదు. దేవాలయ మంటపమున రాతిపై గీతలు గీసియుండును. 3 పులులు, 15 మేకలు. ఎత్తు ఎట్లు వేయవలెనో ప్రక్కన కూర్చున్న తాతగారు చేయి పట్టి చూపుదురు. రెండు ఆటలు ఓడిన పిదప మూడవదానిలో మనకే తెలియును. వైకుంఠపాళికి ఆ తాతగారు కూడ అక్కరలేదు. నిచ్చెన యెక్కించును, పాము మ్రింగును. పటమే పాఠము చెప్పును. ప్రక్కన చెప్పువారు లేనప్పుడు, పటము తనంత తాను చెప్పలేనప్పుడు గదా పుస్తకముతో పని!

వైకుంఠపాళి పటము వలె తనంత తాను పాఠము చెప్పు వీడియో ఆట యొకటి 1985లో జపాను దేశమున వెలువడెను. అదియే 'సూపర్ మారియో బ్రదర్స్'. దానిని కల్పించిన షిగెరు మియమోతో తన తొలి దృశ్యమును ఎట్లు అమర్చెనో తరువాతి కాలమున విపులముగ వివరించియున్నాడు. ఆట మొదలగునప్పటికి మారియో తెరకు ఎడమ ప్రక్కన నిలిచి కుడివైపు చూచుచుండును. కుడివైపున అంతయు బయలు. ఎటు పోవలెనో ఎవ్వరును చెప్పలేదు. కాని చూపును, చోటును కలిసి చెప్పుచున్నవి. నాలుగడుగులు వేయగనే ప్రశ్నార్థకపు గుర్తుతో మెరయుచు ఒక దిమ్మె గాలిలో కనబడును. అంతలో పుట్టగొడుగు ఆకారముగల ఒక చిన్న శత్రువు ముఖము చిట్లించుకొని ఎదురు వచ్చును. అది తాకినచో ప్రాణము పోవును, పోయిన నష్టమేమి? ఆట మొదలై ఇంకను నిమిషమైన కాలేదు, మరల అచ్చటనే మొదలిడవచ్చును. ఎగిరినచో దానిపై పడి అణగద్రొక్కవచ్చును. లేదా తల పైదిమ్మెకు తగిలి నాణెము రాలును. ఏది జరిగినను ఒక పాఠము నేర్చినట్లే.

ఆ తరువాతి అమరిక ఇంకను ముచ్చటైనది. మరియొక దిమ్మెను తల తాకించినప్పుడు పెద్ద పుట్టగొడుగు ఒకటి బయటికి వచ్చి కుడివైపు దొర్లిపోవును. ఇంతకుముందే పుట్టగొడుగు వంటి శత్రువును చూచిన బాలుడు దీనిని చూచి బెదరును. ఇది పోయినది గదా యని ఊరటపడునంతలో, ఎదుటనున్న గొట్టమునకు తగిలి అది వెనుకకు మరలి అతనిపైకే వచ్చును. తప్పించుకొనుటకు ఎగిరినను, పైనున్న దిమ్మెలకు తల తగిలి దానిమీదనే పడు అవకాశమెక్కువ. తాకగనే మారియో చచ్చుటకు మారుగ పెద్దవాడగును! ఇది మేలుచేయు వస్తువని అప్పటికి తెలియును. ఒక్క అక్షరము చదువకుండ, ఒక్క మాట వినకుండ, అరనిమిషములో ఇంత బోధ జరిగినది. ఉపాధ్యాయులెవరైనను చూచి ఈర్ష్యపడదగిన బోధ ఇది.

ఐనను ఈ ఆటకు సైతము సూచనల పుస్తకము కలదు. దానిని తెరచినవారికి ఆటలో ఎచ్చటను చెప్పబడని సంగతి యొకటి తెలియును. దుష్టుడైన బౌజర్ తన మంత్రబలముచే పుట్టగొడుగుల రాజ్యమునందలి శాంతిప్రియులైన ప్రజలను రాళ్ళుగను, ఇటుకలుగను, మొక్కలుగను మార్చివైచెనని ఆ పుస్తకమున ఉన్నది. ఆ మంత్రమును విప్పగలది రాకుమారి యొక్కతెయే. తెరపై ఇటుకలను తలతో ఢీకొట్టి పగులగొట్టుచు కేరింతలు కొట్టు బాలురలో ఎందరు ఈ మాట నెరుగుదురు? ఎరుగనందున వారి ఆటకు లోపము లేదు. అన్ని మెట్లును దాటి రాకుమారిని విడిపింపవచ్చును. కాని ఎరిగినవాడు ఇటుకను కొట్టునప్పుడు ఒక క్షణము ఆగి ఆలోచించును. ఆడుట యెట్లో చేతులే నేర్చుకొన్నవి. ఆట దేనిని గూర్చినదో మాత్రము పుస్తకముననే ఉండిపోయినది. చదువనివాడు ఏమి పోగొట్టుకొనెనో అతనికే తెలియదు. చదువకపోవుటవలన కలుగు నష్టములలో ఇది అతి సున్నితమైనదని నా అభిప్రాయము.

ముందుగ చదువక పనిలో దిగుట ఆటగాండ్ర అలవాటు మాత్రమే కాదు. అమెరికాలో ఐబిఎం సంస్థ పరిశోధనాలయమున పనిచేసిన జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ అను విద్వాంసులు, క్రొత్తగ కంప్యూటరు నేర్చుకొను కార్యాలయోద్యోగులను పరిశీలించి 1987లో ఒక వ్యాసము ప్రకటించిరి. పెద్దవారు, జీతమునకు పనిచేయువారు, పుస్తకము ఎదుట నుండియు దానిని వరుసగ చదువలేదు. తాము చేయదలచిన ఉత్తరమునో, పట్టికనో వెంటనే చేయబూనిరి. పని ముగించవలెనను ఆతురతయే నేర్చుకొనుటకు అడ్డుపడుచున్నదని, అయినను ఆ ఆతురత లేనిదే ఎవ్వడును నేర్చుకొనడని వారు గుర్తించిరి. కావున పుస్తకము చదువనందుకు పిల్లలను కోపించు పెద్దలు, తమ ఇంటనున్న బట్టలుతుకు యంత్రపు పుస్తకము ఏ సొరుగున ఉన్నదో ముందు వెదకి చూచుకొనుట మంచిది.

ఆటలను గూర్చియే చేసిన పరిశోధన యొకటి 2012లో వెలువడెను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 3 ఆటలను తీసికొని, 45,000 మందికి పైగా ఆటగాండ్రపై పరీక్ష జరిపిరి. కొందరికి ఆటతోపాటు పాఠములు చూపిరి, కొందరికి చూపలేదు. తేలికయైన రెండు ఆటలలో పాఠములు చూపినను చూపకున్నను భేదము కనబడలేదు. మూడవది 'ఫోల్డిట్'. ప్రోటీను అణువులు ఎట్లు మడతపడునో కనుగొనుటకు శాస్త్రజ్ఞులు కల్పించిన కఠినమైన ఆట అది. అందు మాత్రము పాఠములు లభించినవారు ఇతరులకంటె 29 శాతము వరకు ఎక్కువ కాలము ఆడిరి. దీని అర్థము స్పష్టము. తడవి చూచి తెలిసికొనగల దానిని పుటలకొలది చెప్పుట వ్యర్థము. ఎంత తడవినను తెలియని దానిని చెప్పకపోవుట అన్యాయము. పాఠములన్నిటిని ఒకే త్రాసున తూచి మంచివని గాని, చెడ్డవని గాని అనరాదు.

ఇచ్చట నాకు కలిగిన భయమును దాచుకొనను. తడవి చూచి నేర్చుకొనుట ఆటలో ఎందుకు మేలైనది? పోయిన ప్రాణము మరల వచ్చును గనుక. మారియోకు తొలుతనే 3 ప్రాణములు ఇత్తురు. మూడును పోయినచో ఆట మొదటికి వచ్చును. అంతకుమించి కీడు లేదు. ఈ ధైర్యముతో పెరిగిన చేయి ఒకనాడు పాఠశాల ప్రయోగశాలలో ఆమ్లపు సీసాపై పడును. వంటింట గ్యాసు రెగ్యులేటరుపై పడును. పొలమున పురుగుమందు డబ్బాపై పడును. అచ్చట రెండవ ప్రాణము లేదు. మన దేశమున పురుగుమందుల డబ్బాలపై మూలపై నిలిపిన చతురస్రపు గుర్తు నొకటి ముద్రింతురు. దాని క్రింది సగము ఎరుపైనచో అతి తీవ్రమైన విషమని, పసుపైనచో దాని తరువాతిదని, నీలమైనచో అంతకు తక్కువదని, ఆకుపచ్చయైనచో అన్నిటికంటె తక్కువదని తెలిసికొనవలెను. చిన్న అక్షరములను చదువనివారు, చదువలేనివారు ఉందురని ఎరిగి చేసిన ఏర్పాటిది. కాని నీటిలో ఎంత కలుపవలెనో, చల్లిన ఎన్ని దినములకు కోత కోయవలెనో రంగు చెప్పలేదు. దానికి అక్షరములే శరణ్యము. తడవి చూచి నేర్వదగిన చోటేదో, చదివి నేర్వవలసిన చోటేదో గుర్తించుట ఆటగానికి ఎవ్వరును నేర్పుట లేదు. నా ఫిర్యాదు అతడు చదువనందుకు కాదు, ఇందుకే.

మరల ఆటలకు వత్తము. చదువకున్న సాగని ఆటలును కొన్ని పుట్టెను. 1982లో అటారీ సంస్థవారు 'ఇ.టి.' అను ప్రసిద్ధ చలనచిత్రము పేర ఒక ఆటను విడుదలచేసిరి. హోవర్డ్ స్కాట్ వార్షా అను ఒక్కడు దానిని సుమారు 5 వారములలో తయారుచేయవలసివచ్చెను. తెర పైభాగమున అప్పుడప్పుడు చిన్న చిన్న గుర్తులు మారుచుండును. నిలిచిన చోటునుబట్టి ఏ శక్తి లభించునో ఆ గుర్తులు తెలుపును. వాని అర్థము పుస్తకమున ఉన్నది, ఆటలో లేదు. పుస్తకము తెరువని బాలుడు గుంటలో పడును, కష్టపడి పైకి వచ్చును, మరల పడును. ఏమి చేయుచున్నాడో, ఎందుకు చేయుచున్నాడో అతనికి బోధపడదు. ఆ ఆట అపజయమునకు పుస్తకము చదువకపోవుట యొక్కటే కారణమనను. తొందరయు, అవసరమునకు మించి తయారుచేసిన ప్రతులును అందు కలవు. 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో ఆ సంస్థవారి అమ్ముడుపోని సరకును పూడ్చివైచిరి. 2014లో త్రవ్వి చూడగా ఇతర ఆటలతోపాటు 'ఇ.టి.' కార్ట్రిడ్జులును బయటపడెను.

దీనికి భిన్నముగ పుస్తకమునే ఆటలో భాగము చేసినవారు కలరు. 1989లో జోర్డన్ మెక్నర్ రచించిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కంప్యూటరు ఆటలో మొదటి మజిలీ దాటగనే ఒక గది వచ్చును. అందు అక్షరములు వ్రాసిన ఔషధపు కూజాలు వరుసగ ఉండును. సూచనల పుస్తకమున ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ఫలానా పదపు మొదటి అక్షరము చూచి, ఆ కూజాలోని ఔషధమునే త్రాగవలెను. వెల యిచ్చి కొన్నవానియొద్ద పుస్తకముండును, దొంగ ప్రతి సంపాదించినవానియొద్ద ఉండదు అని ఈ ఏర్పాటు. ఇది చదివించుట కాదు, కాపలా కాయించుట; దీనిని నేను మెచ్చను.

1990లో అమెరికాలో విడుదలయైన 'స్టార్‌ట్రాపిక్స్' ఆట చేసిన పని నాకు ఎంతయు నచ్చినది. మైక్ అను బాలుడు తన మామయ్యను వెదకుచు పోవు కథ అది. పెట్టెలో పుస్తకముతోపాటు ఆ మామయ్య వ్రాసిన ఉత్తరము నిజమైన కాగితముపై ఉండును. ఆట నడుమ ఒకచోట, ఉత్తరమును నీటిలో ముంచుమని మైక్‌కు వార్త వచ్చును. తెరపై ఎంత వెదకినను ఉత్తరము లేదు, నీటికి దారి లేదు. అప్పుడు తెలివిగల బాలుడు లేచి, పెట్టెలోని ఉత్తరమును తీసి, వంటింటికి పోయి గిన్నెలోని నీటిలో ముంచును. కాగితముపై కనబడకుండ నున్న అంకె తేలివచ్చును: 747. ఆ అంకెను ఆటలో చెప్పినగాని జలాంతర్గామి ముందునకు సాగదు. పాత పెట్టెలోని కాగితములను పారవైచినవారును, ఉత్తరము లేని ఆటను అద్దెకు తెచ్చుకొన్నవారును ఎంత తల్లడిల్లియుందురో ఊహింపవచ్చును.

అద్దె అనగానే నా వాదమునకు అన్నిటికంటె బలమైన సాక్ష్యము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ కాలమున అమెరికాలో చలనచిత్రముల క్యాసెట్ల వలెనే ఆటలను సైతము అంగళ్ళవారు అద్దెకిచ్చెడివారు. చేతులు మారి పుస్తకములు పోవుచు, చినుగుచు ఉండుటచే, బ్లాక్‌బస్టర్ అను పెద్ద అద్దె వ్యాపారసంస్థ వానికి జిరాక్సు ప్రతులు తీయించి ఇచ్చుచుండెను. 1989లో నింటెండో సంస్థ, తన పుస్తకములను అనుమతి లేక నకలు తీసినందుకు ఆ వ్యాపారసంస్థపై దావా వేసెను. నకళ్ళు ఆగిపోయెను. ఆలోచింపుడు. ఎవ్వరును చదువని పుస్తకమునకు వ్యాపారి డబ్బు ఖర్చుచేసి ప్రతులు తీయించునా? ఎవ్వరును కోరని కాగితములకై ఒక సంస్థ న్యాయస్థానము మెట్లు ఎక్కునా? రెండు దినముల అద్దెకు ఆటను తెచ్చుకొన్న పిల్లవాడు మొదటి సాయంకాలము పుస్తకము వంక చూడడు. రెండవనాడు మూడవ కోట వాకిట పదునైదవసారి ఓడినప్పుడు, "ఆ పుస్తకమేదీ?" అని ఇల్లంతయు గాలించును.

తండ్రికి చెప్పిన 'తరువాత' అదియే. ఆ వేళ అతడు చదువు తీరు చూడవలెను. మొదటి పుటనుండి కాదు. తన ప్రశ్న యెచ్చట ఉన్నదో అచ్చటికి సూటిగ పోవును. ప్రతి పదమును పట్టి చూచును, బొమ్మను తెరతో పోల్చును, వేలితో పంక్తిని అదిమి పట్టుకొని మరియొక చేతితో ఆడి చూచును. పరీక్షకు చదువు బాలుడు ఇంత శ్రద్ధతో చదువుట నేనెన్నడును చూడలేదు. ప్రశ్న పుట్టకముందు ఇచ్చిన జవాబు చెవికెక్కదు. ఓటమి అతనికి ప్రశ్నను పుట్టించినది. 'ఫాల్కన్ 4.0' అను యుద్ధవిమానపు ఆట 1998లో వెలువడినప్పుడు, 500 పుటలకు మించిన పుస్తకము దానివెంట వచ్చెను. నిజమైన విమానమును నడపినట్లే నడపవలెనను కోరిక గలవారు దానిని విసుగులేక చదివిరి. కోరిక యున్నచోట పుటల సంఖ్య అడ్డుకాదు.

పుస్తకములను వ్రాసినవారి తప్పును సైతము కప్పిపుచ్చరాదు. పెక్కు పుస్తకములలో ముందు పుటలనిండ హెచ్చరికలు, హక్కుల ప్రకటనలు, యంత్రములో డిస్కును పెట్టు విధానము! పిల్లవాడు కోరునది పదవ పుటకు గాని రాదు. పైన చెప్పిన కారల్, తన పరిశీలన తరువాత, అనవసరమైనదంతయు తీసివైచి, పని చేయుచునే చదువదగిన చిన్న పుస్తకములను తయారుచేయించి, వానితో నేర్చినవారు త్వరగ నేర్చిరని చూపెను. చదువరి ఓపికను నిందించుటకు ముందు పుస్తకపు బరువును తగ్గింపవలెనని దీనివలన తెలియుచున్నది.

అట్లు తగ్గించుటకు మారుగ అసలు పుస్తకమునే తీసివైచిరి. 2010లో యుబిసాఫ్ట్ అను ఫ్రెంచి సంస్థ, కాగితపు వాడుక తగ్గించుటకై ముద్రిత పుస్తకములను విడిచి, సూచనలను ఆటలోనే చేర్చెదమని ప్రకటించెను. ఇతరులును క్రమముగ అదే త్రోవ బట్టిరి. చెట్లు మిగులును, ఖర్చు మిగులును. ఈ లాభములను కాదనను. కాని ఆటలోని పాఠము ఆట మొదటనే, ప్రశ్న పుట్టకముందే, బలవంతముగ వచ్చును. "ఈ మీట నొక్కుము, ఇప్పుడు ఆ మీట నొక్కుము" అని చేయి పట్టి నడపించి మాయమగును. కావలసిన నాడు తెరచుటకు పుట లేదు. అందుచే నేటి బాలుడు చిక్కుపడినప్పుడు ఎవరో ఆడి చూపిన వీడియోను వెదకును. అది తాతగారు ప్రక్కన కూర్చున్నట్లే గదా యని కొందరందురు. కొంత నిజమే. కాని తాతగారు మన ఎత్తు చూచి ఒక మాట చెప్పి ఊరకుందురు. వీడియోలోనివాడు మన ఎత్తు చూడడు, తన ఆట యంతయు ఆడివైచును. అడిగిన ముడి యొక్కటియే విప్పుటకు మారుగ, అడుగని ముడులను సైతము విప్పిపెట్టును. పుస్తకమున ఆ ప్రమాదము లేదు. అది సగము చెప్పి, సగమును మనకు విడుచును.

పోయినదానికై విచారించువాడను నేనొక్కడనే కానని 2022లో వెలువడిన 'ట్యూనిక్' అను ఆట తెలుపుచున్నది. కెనడా దేశీయుడైన ఆండ్రూ షుల్డిస్ దానిని రచించెను. చిన్న నక్క యొకటి తెలియని ద్వీపమున మేల్కొని తిరుగాడును. దానికి దొరకు నిధి బంగారము కాదు; ఆ ఆటయొక్క సూచనల పుస్తకమే, విడి విడి పుటలుగ చెల్లాచెదరై అచ్చటచ్చట పడియుండును. అందలి లిపి పెక్కుపాళ్ళు మనకు తెలియనిది. బొమ్మలను, బాణపు గుర్తులను, నడుమ నడుమ తెలిసిన ఒకటి రెండు మాటలను, వెనుకటి యజమాని యెవరో కలముతో గీసిన గీతలను బట్టి అర్థము ఊహింపవలెను. ఒక పుట దొరకిన పిదప, ఒక మీటను నొక్కి పట్టినచో నక్క మోకరిల్లి ప్రార్థించునని, ప్రార్థించినచో మూసియున్న త్రోవలు తెరచుకొనునని తెలియును. ఆ శక్తి దానికి క్రొత్తగ వచ్చినది కాదు. మొదటి నిమిషము నుండియు ఉన్నదే. చదువకుండుటచే ఇంతసేపు తెలియలేదు.

ఆట చివర ఒక బలవంతుడైన శత్రువు ఎదురగును. కొన్ని పుటలు మాత్రమే సంపాదించినవాడు కత్తి దూసి ఎన్నిసార్లో ఓడి, తుదకు గెలువవలసియుండును. పుటలన్నిటిని చేర్చి పుస్తకమును పూర్తిచేసినవాడు మాత్రము కత్తి తీయడు. పుస్తకమును తెచ్చి శత్రువు ఎదుట పెట్టును, యుద్ధము జరుగదు.